గడప మీద సత్యాగ్రహం

"ఈడ శాంతి పాఠం చెప్పే సారెవరు?"

ఆ గొంతుకు డిగ్రీ క్లాసంతా ఒక్కసారిగా అటు తిరిగింది. గుమ్మం నిండా నిలబడ్డాడు రాజన్న. మలక్‌పేట గంజు మార్కెట్లో మూటలు మోసే మనిషి, నిన్నా మొన్నా క్లాసుకు రాని స్రవ్య తండ్రి.

"నేనే," అన్నాడు అమరనాథ్, సుద్దముక్క బల్ల మీద పెడుతూ.

రాజన్న విసవిసా వచ్చి ఆయన కాలర్ పట్టుకున్నాడు. "నా బిడ్డ స్రవ్యకు ఏం నేర్పినవ్?"

"మా సార్ మీదనే చెయ్యేస్తవా!" వెనక బెంచీ నుంచి మనీష్ పిడికిలి బిగించి ఉరికాడు. వాడి వెంట ఇంకో ఇద్దరు.

"కూర్చో మనీష్. అందరూ కూర్చోండి."

అహింస అన్నది పుస్తకం చూసి చెప్పినంత తేలిక కాదని అమరనాథ్‌కు అప్పుడే తెలిసింది. పిల్లలు పళ్లు కొరుకుతూ కూర్చున్నారు.

"స్రవ్యకేమైందన్నా?"

"వాళ్లమ్మను ఒక్క దెబ్బ కొట్టిన. గంతే! పోయి గడప మీద కూసున్నది. అమ్మ మీద ఇంకోపారి చెయ్యెత్తనని ఒట్టు పెట్టేదాక మెతుకు ముట్టదంట. తిట్టిన, బెదిరిచ్చిన. మారు మాట లేదు. నా దిక్కే సూసుకుంట కూసున్నది. బస్తీ అంతా తమాషా!"

తను చెప్పిన సత్యాగ్రహం పాఠాన్ని పిల్లలు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారనుకున్నాడు అమరనాథ్. అంతేగానీ, ఇంట్లో చేసి చూస్తారనుకోలేదు.

"పద అన్నా, ఇప్పుడే మీ ఇంటికి పోదాం. తిండి లేక పిల్లకేమన్నా అయితే..."

"పిల్లకేం గాలే." రాజన్న పట్టు సడలింది. "దాని మొకం సూడలేకపోయిన సారూ. నిన్న రాత్రి ఒట్టు పెట్టిన. నా చేతుల్తోనే కలిపి తినిపిచ్చిన."

అమరనాథ్ ఊపిరి పీల్చుకున్నాడు. నలిగిన కాలర్‌ను రాజన్నే మెల్లగా సర్దాడు.

"మంచి పని చేసినవ్. మరి ఇంకా ఫికర్ ఏందన్నా?"

రాజన్న తల వంచుకున్నాడు.

"బిడ్డను సూసి తల్లి గూడ నేర్సుకున్నది సారూ. పొద్దుగాల సంది గదే గడప మీద మా సక్కుబాయి కూసున్నది... నేను తాగుడు బంద్ జేసేదాక!"