పోర్టులో ఆఫీసరు

దుబాయ్ పోర్టులో క్రూజ్ షిప్ ఎక్కడానికి తమ్ముడు ప్రకాశ్ భార్య వర్షతో సహా వస్తుంటే, సామాన్లు మోసే జలపతి మాస్కును కళ్ల దాకా లాక్కున్నాడు. తను ఇక్కడ ఆఫీసరునని సొంతూరు కోరుట్ల అంతటికీ ఫోన్లు చేసి చెప్పుకున్నది ఆయనే మరి.

పెళ్లికి రాని బావను వర్ష ఎన్నడూ చూడలేదు. పెట్టెను జలపతి ముందుకు నెట్టి మొగుడితో అంది:

"బావ గీడనే ఉంటరు గదా, మనల్ని సూడనీకి గూడ రాలేదేంది?"

"గీ పోర్టంత మా అన్న మీదనే నడుస్తది. లీవెట్ల దొరుకుతది?" అన్నాడు ప్రకాశ్.

గుర్తుపట్టలేదు! జలపతికి ప్రాణం లేచొచ్చింది. పెట్టెకు ట్యాగు కట్టాడు.

వర్ష సెల్ఫీలు దిగుతూ ముందుకు పోయింది. ప్రకాశ్ బూటు లేసు కోసం వంగి, గొంతు తగ్గించాడు.

"అన్నా, మాస్కు తియ్యకు. ఎనుక మా అత్తామామలు అస్తున్నరు. ఆళ్ల పెట్టెలు జర పైలంగ."