గుల్ల విడిచిన నత్త

"అమ్మమ్మా, ఈసారైనా 'అవును' నొక్కవే. అమ్మ కింద హారన్ కొడుతోంది."

అమ్మణ్ణి ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. అందులో ఆ ఆట పెట్టింది మనవరాలు రసజ్ఞే. రసజ్ఞ దగ్గర ఓ కొమ్ము పురుగు ఉంది, అమ్మణ్ణి దగ్గర నత్త. రెండూ చేతులు మారితేనే పురుగు నత్త గుల్లను కవచంగా తొడుక్కుని యోధుడవుతుంది. మార్చుకుంటారా అని ఆట అడిగినప్పుడల్లా అమ్మణ్ణి 'కాదు' నొక్కేసేది.

"చెయ్యి దాటిపోయింది మళ్ళీ వస్తుందా, తల్లీ?"

"నువ్వు కాదంటున్నావనే నా పురుగు ఇంకా పురుగులాగే ఉండిపోయింది!"

రసజ్ఞను ఇన్నాళ్ళూ ఇక్కడ ఉంచిన తల్లి ప్రవీణకు రాత్రి షిఫ్టులు తప్పాయి. ఇక కూతుర్ని పుప్పాలగూడలో తన దగ్గరే ఉంచుకుంటుంది. సర్దిన బ్యాగు గుమ్మం దగ్గరే ఉంది. వాదించే ఓపిక లేక అమ్మణ్ణి 'అవును' నొక్కింది.

ఆమె ఫోనులో ఈటెలు పట్టిన యోధుడు ఠీవిగా వచ్చి నిలబడ్డాడు. ఆమె వాడి వంక చూడనే లేదు.

"నా నత్తేదే? గుల్ల లేకుండా ఎలా బతుకుతుందే అది?"

"బతకడమేంటి, ఇటు చూడు!"

రసజ్ఞ ఫోనులో, బరువు దిగిన నత్త తెరంతా పరుగులు పెడుతోంది. ఇన్నాళ్ళూ అది పాకడమే చూసింది అమ్మణ్ణి.

"బెంగగా ఉంటే వెనక్కిచ్చేయనా?"

"వద్దులే. నీతోనే తీసుకుపో."

రసజ్ఞ బ్యాగు భుజాన వేసుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద పరుగందుకుంది.

"మెల్లిగా, పడతావ్!" అన్న మాట అమ్మణ్ణి నోటిదాకా వచ్చింది. ఆమె దాన్ని బయటికి రానివ్వలేదు.