పన్నెండో నంబరు

"మెహ్రెత్ అక్కా, ఒక్క బొమ్మ మీద నాలుగు నిమిషాలా?"

ముస్యోకి గొంతులో కోపం లేదు, కంగారుంది.

నైరోబీలోని ఆ ఆఫీసులో నలభై మందికి అతను టీమ్ లీడరు. ఆకాశం నుంచి తీసిన బొమ్మలు తెర మీదికి వస్తుంటాయి. మనుషులు కనబడితే చుట్టూ గీత గీసి, చేతిలో ఆయుధం ఉందో లేదో నొక్కాలి. బొమ్మకి ఎనిమిది సెకన్లు.

ఆ బొమ్మలు ఎక్కడివో, ఎవరికోసమో పైవాళ్ళు చెప్పలేదు. ఒక యంత్రానికి చూపు నేర్పుతున్నారని మాత్రం అందరికీ తెలుసు.

మెహ్రెత్ చేరి పది రోజులైంది. సరిహద్దు అవతల యుద్ధం నుంచి వచ్చిన మనిషి. నలభై దాటి ఉంటాయి. పన్నెండో నంబరు కుర్చీ. తనంతట తాను ఎవరితోనూ మాట్లాడదు.

"పదకొండు మంది నడుస్తున్నారు, చూడండి," అంది తెర చూపిస్తూ.

"భుజం మీద పొడుగ్గా ఉంది కదా. ఆయుధం అని నొక్కేయండి."

"ఆయుధాలున్నవాళ్ళు ఇంత దగ్గర దగ్గరగా నడవరు. ముందున్న నలుగురూ ఒకే అడుగు వేస్తున్నారు. ఏదో మోస్తున్నారు. ఇది పాడె."

పక్క కుర్చీలో కిప్‌రోనో తల తిప్పాడు.

"అక్కకి ఆకాశంలోంచి పాడె కూడా కనిపిస్తుందిరా. నాకు చీమలు తప్ప ఏం కనబడి చావవు."

అందరూ నవ్వారు. ముస్యోకి కూడా నవ్వాడు.

ఆమె 'ఆయుధం లేదు' అని నొక్కింది. అదే బొమ్మ చూసిన మిగతావాళ్ళంతా 'ఉంది' అని నొక్కారు.

అక్కడ ఎక్కువమంది నొక్కిందే సరైన జవాబు. వారం తిరక్కుండా ఆమె మార్కులు ఎనభై నుంచి అరవై నాలుగుకి పడిపోయాయి.

"నా జవాబు తప్పని ఎవరన్నారు?" అని అడిగింది.

"సిస్టమ్."

"సిస్టమ్‌కి ఎవరు చెప్పారు?"

"మనమే."

"మనకి తెలియంది దానికెలా తెలుస్తుంది?"

ముస్యోకి రేపటి నుంచి కాస్త వేగంగా చేయమని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు టీ వేళ కిప్‌రోనో మందాజి బూరె నములుతూ టీవీ వైపు చేయి చూపాడు.

"ఈ యంత్రాలు తెలివి మీరిపోయి ఒకరోజు మనుషులందర్నీ చంపేస్తాయంట. ఆ పెద్దాయన చెప్తున్నాడు."

"ముందు నీ ఉద్యోగం పీకుతాయిలే. దాంతోనే నువ్వు పోతావు," అన్నారెవరో.

నవ్వులు ఆగాక మెహ్రెత్ నోరు విప్పింది.

"దానికి మన మీద పగేముంటుంది? వీళ్ళు శత్రువులని మనం చెప్తాం. అది నమ్ముతుంది. అంతే."

తర్వాత ఒక్కొక్కరే లేచి గ్లాసులు కడుక్కున్నారు.

గురువారం పొద్దున ఆమె మార్కులు యాభై తొమ్మిదికి దిగాయి, తెర బూడిద రంగులోకి మారింది. 'మీ సేవలు ముగిశాయి. ధన్యవాదాలు.'

ముస్యోకి పైఆఫీసుకి ఫోన్ చేశాడు.

"ఆమెని నేను తీసేయమనలేదు సార్."

"మేమూ తీయలేదయ్యా. మార్కులు అరవై దాటి కిందికి దిగితే సిస్టమే తీసేస్తుంది."

"పోనీ, మళ్ళీ చేర్చుకోండి."

"ఆ వీలు మా చేతిలో లేదు."

మెహ్రెత్ అప్పటికే చేతిసంచి భుజాన వేసుకుంది.

"మీ తప్పేం లేదు బాబూ," అంది. "ఇక మీద ఆ మాట మీకు మీరే చెప్పుకోవాలి. అదే కష్టం."

మూడు వారాల తర్వాత పని ఇచ్చిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

'మూడు వందల బొమ్మలు ఎంచుకుని, ఆ చోట్లకే మనుషుల్ని పంపి ఆరా తీశాం. పన్నెండో నంబరు జవాబులు అన్నీ నిజం. మిగతా వారివి చాలా చోట్ల తప్పు. ఇకపై అందరి పనీ ఆ వ్యక్తి చేత తనిఖీ చేయించండి.'

ముస్యోకి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. వెంటనే జవాబు రాశాడు.

'ఇప్పటిదాకా పంపిన లక్షల బొమ్మల సంగతేమిటి?'

'వాటితో నేర్చుకున్న యంత్రం పోయిన వారమే పనిలోకి వెళ్ళిపోయింది. వచ్చే విడతలో సవరిస్తాం.'

'ఎక్కడికి వెళ్ళింది?'

దానికి జవాబు రాలేదు. మరో రెండుసార్లు రాశాడు. ఆపైన అతని ఉత్తరాలు తిరిగి రావడం మొదలైంది.

మెహ్రెత్ ఫోన్ పనిచేయడం లేదు. చేరినప్పుడు రాయించిన చిరునామా పట్టుకుని, ఆదివారం మటాటు వ్యాను ఎక్కి కయోలే పేటకి వెళ్ళాడు.

ఇంటి యజమానురాలు అవినో వాకిట్లో చపాతీలు కాలుస్తోంది.

"ఆవిడ వెళ్ళిపోయి ఆరు రోజులైంది నాయనా. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

ముస్యోకి అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. అవినో పెనం దించి చివరిదాకా వింది.

"ఆమె ఒక్కరే సరిగ్గా చూశారమ్మా. మేం నలభై మందిమీ నవ్వాం," అన్నాడు. "ఆమె వాళ్ళెవరైనా అలా పోయారా? అందుకే అంత బాగా గుర్తుపట్టారా?"

అవినో చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఆవిడ వాళ్ళెవరూ పోలేదు నాయనా. వెళ్ళే ముందు రాత్రి తనే నాతో చెప్పింది," అంది. "వాళ్ళ సైన్యంలో మీలాగే తెర ముందు కూర్చుని, సంతకి పోతున్న జనాన్ని చూసి 'ఆయుధాలున్నాయి' అని నొక్కింది ఆవిడే."