ముప్పై ఎనిమిది సంతకాలు

“ముందు చదవండి. చదివి, అందినట్టు సంతకం పెట్టండి” అంటూ విద్యాశాఖ ఆఫీసు గుమాస్తా కాగితాన్ని బల్లమీదుగా తోశాడు.

లెక్కల టీచరు నిలబడే చదివింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీలోనూ ఫైళ్ళు కూర్చుని ఉన్నాయి.

‘ఈ టీచరు బడికి ఆలస్యంగా వస్తారు. తరగతిలో ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. పిల్లల చదువంటే నిర్లక్ష్యం. కనుక ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డు వీరికి ఇవ్వవద్దని మా మనవి.’ కింద ముప్పై ఎనిమిది మంది తల్లుల సంతకాలు.

“ఎవరు రాయించారిది?”

“నాకేం తెలుసమ్మా? టపాలో వచ్చింది. పైవాళ్ళు చూశారు, జాబితాలోంచి మీ పేరు కొట్టేశారు.”

“నన్నొక్క మాట అడక్కుండానా?”

“అడుగుతారు. వారంలోగా మీరు సంజాయిషీ రాసివ్వాలి.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. “ఇరవై రెండేళ్ళ సర్వీసండీ నాది! అవార్డు కావాలని నేనడిగానా? పెద్దమాస్టారు బతిమాలితే దరఖాస్తు పెట్టాను. నేను మంచి టీచర్నని నేనే రాసుకోవాలి, నా ఫోటోలు నేనే అంటించుకోవాలి. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మంచిదాన్నని చెప్పుకోడానికి అరవై పేజీలు కావాల్సొచ్చింది. పనికిరానిదాన్నని తేల్చడానికి ఈ ఒక్క కాగితం చాలిందా?”

గుమాస్తా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “మీ పేరుమీద రెండు కాగితాలు సిద్ధమయ్యాయమ్మా. ఒకటి అవార్డుది. రెండోదాని సంగతి ఇంకెందుకులెండి. రెండూ రద్దు.”

రెండోది ఏమిటని అడిగే ఓపిక ఆమెకు లేదు. ఆమె చూపంతా ఆ సంతకాలమీదే ఉంది. ఒక్క వేలిముద్ర లేదు. రెండేళ్ళపాటు బడి వదిలాక గంటసేపు ఆగి, ఆ తల్లుల చేత అక్షరాలు దిద్దించింది తనే. మొట్టమొదటి సంతకం టైలరమ్మది. చివరి అక్షరం కింద చిన్న మెలిక. ‘ఇలా పెట్టావంటే ఎవరూ దొంగసంతకం చెయ్యలేరు’ అని ఆ మెలిక నేర్పిందీ తనే.

నకలు చేతిలో పట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా లోపల ఉడికిపోతూనే ఉంది. ఇల్లిల్లూ తిరిగి జనాభా లెక్కలు రాసింది. ఓటర్ల జాబితాలు దిద్దింది. నేలమీద చతికిలబడి పిల్లల పాదాలు కొలిచి, చెప్పుల సైజులు పై ఆఫీసుకు పంపింది. ఏడాది కిందట సైన్సు మాస్టారు పట్నం బడికి వెళ్ళిపోయాక ఆ చోటికి ఇంకో మనిషి రాకపోతే, లెక్కలతోపాటు కప్ప గుండెకాయ బొమ్మ కూడా తనే గీసింది. ‘సర్కారు బడి టీచర్లకేం, కూర్చోబెట్టి జీతాలు’ అని బయటివాళ్ళంటే దులిపేసుకుంది. ‘నిన్నెవరు గుర్తిస్తారే?’ అని మొగుడు వేళాకోళం చేస్తే, ‘మా బడి వీధి ఆడవాళ్ళకు తెలుసులెండి’ అని గొప్పగా చెప్పింది.

బాగానే తెలిసింది వాళ్ళకు!

టైలరమ్మ వాకిట్లో మిషను తొక్కుతోంది. టీచరును చూసి లేవబోయింది. టీచరు కాగితాన్ని మిషను మీద, సూది కిందున్న గుడ్డమీదే పరిచింది.

“ఈ సంతకం నీదేనా?”

టైలరమ్మ తల వంచుకుంది. “నాదేనండి.”

“నేను బడికి ఆలస్యంగా వస్తానా?”

“లేదండీ. గేటు తాళం తీసేదే మీరు.”

“తరగతిలో ఫోను చూసుకుంటానా?”

“మీ ఫోను మీ దగ్గరెక్కడుంటుందండీ? పిల్లలే లాక్కుని లెక్కలు చూసుకుంటారు కదా.”

“మరి ఈ రాతలేంటి? ఎవరు బెదిరించారు మిమ్మల్ని? పెద్దమాస్టారా?”

“ఆయనకసలు తెలియదు. ఎవరూ రాయించలేదండీ. వీధి మొత్తం కూర్చుని మేమే రాశాం.”

అలికిడికి చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే బయటికొచ్చారు. అందరివీ కాగితంమీదున్న పేర్లే. ఒకామె భయంభయంగా దగ్గరికొచ్చి కాగితంలోకి తొంగిచూసింది.

“నిర్లక్ష్యంలో వత్తు సరిగ్గా పడిందా టీచర్?”

టీచరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే ముందొచ్చింది.

“పడిందమ్మా, చక్కగా పడింది! ఒక్క తప్పు లేదు. మీకు చదువు బాగానే వచ్చింది. నా పొట్టమీద కొట్టడానికి సరిపోయేంత వచ్చింది. నాకు అవార్డు ఇవ్వొద్దన్నారు, సరే. ఆ రేకు ముక్క ఎవడిక్కావాలి? కానీ లేనిపోని అబద్ధాలు రాసి నా ముఖాన మసి పూశారే, అది ఎవరు కడుగుతారు? రేపు నా గురించి విచారణకొస్తారు. పిల్లల ముందే నన్ను నిలబెట్టి అడుగుతారు!”

ఒకామె కొంగుతో ముఖం కప్పుకుంది.

“మీకోసం ఇన్నేళ్ళు ఈ వీధిలో పడి ఉండటం నాదే బుద్ధితక్కువ. రేపు పొద్దున్నే బదిలీకి రాసిచ్చేస్తాను. మీరూ, మీ పిల్లలూ ఏమైనా అవ్వండి!”

ఆమె విసురుగా వెనక్కి తిరిగింది. టైలరమ్మ ఒక్క ఉదుటున లేచింది. కాలు తగిలి ముక్కాలిపీట పడిపోయింది. కత్తెర, దారపుండలు వాకిలంతా దొర్లాయి. వెనకనుంచి టీచరు చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది.

“అంత మాటనకండి టీచర్! విచారణకి ఎవరొచ్చినా సరే, అంతా అబద్ధమని మేమే చెప్తాం, తప్పయిందని కాళ్ళు పట్టుకుంటాం. ఈ జాబితా గడువు దాటనివ్వండి చాలు.”

“గడువు దాటితే మీకేం ఒరుగుతుంది?”

టైలరమ్మ పట్టు వదల్లేదు.

“అవార్డు వచ్చినవాళ్ళని పట్నం బడికి మార్చేస్తారటగా, టీచర్!”