పాలు పోసి ఆర్పిన పొయ్యి

"పాలొద్దమ్మా, ఉత్త టీ చాలు. ముందు ఆ మంట ఆర్పు, పొగకు కళ్లు పోతున్నాయి," అన్నాడు ఫెన్‌విక్.

మా లూయిస్ దీవిలో ఊరి సంఘం బాగుచేయించిన గడ్డి ఇంటిని ఆ రాత్రికి అద్దెకు తీసుకున్నాడు; ఆ ఇంటిని చూసుకునేది నేనే. తన తాతగారి తాత ఇక్కడి జమీందారుకు దివానని గడప దాటకముందే చెప్పుకున్నాడు. ఇంటి నడుమ, నేల మీది పొయ్యిలో, బురదనేలలో తవ్వి తెచ్చి కట్టెలకు బదులు వాడే మట్టిపెళ్లలు కాలుతున్నాయి.

"నేనార్పను బాబూ. మా ఊళ్లో పొయ్యి ఆరిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

"ఇంకా ఆ చాదస్తాలేనా!" అని నవ్వి, పక్కనున్న పాలకూజా ఎత్తి మంట మీద గుమ్మరించాడు. పొయ్యి బుస్సుమని ఆరిపోయింది.

నేను లేచి, అతని పెట్టె తీసుకెళ్లి బయట వానలో పెట్టాను.

"ఏమిటిది? నీకేమైనా పిచ్చా?"

"మీ దివానూ ఇదే పని చేశాడు. మా అవ్వకు అవ్వ పితికిన పాలే ఆమె పొయ్యిలో పోసి, చంటిపిల్లతో సహా వానలోకి గెంటాడు. ఆ పొయ్యి ఇదే. ఊరిప్పుడు మాది. ఇక నడువు. గుమ్మం పొట్టిది, తల వంచుకుని పో."

వంచుకునే పోయాడు.

పాలొద్దన్న మనిషి చేతికందేలా కూజాడు పాలు ఎందుకు పెట్టానో, ఎండిన పెళ్లలు గుట్టగా ఉండగా తడివే ఏరి ఏరి మంటలో ఎందుకు వేశానో అతను అడగలేదు.