గుమ్మం బయటి పీట

"ఎవరు తెచ్చారో వేరే చెప్పాలా?" అంటూ కటింగ్ మాస్టారు చేతిలోని ఇస్త్రీ పెట్టెని చొక్కా కాలరు మీద ఆనించి, గుమ్మం వైపు తిరిగారు.

కొట్లో మూడు కుట్టుమిషన్లూ ఒక్కసారే ఆగాయి. ముగ్గురు దర్జీల తలలూ అటే తిరిగాయి. గుమ్మం బయట వసారాలో, పీట మీద కూర్చుని కాజాలు కుడుతున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆవిణ్ణి అందరూ కాజాలక్క అంటారు. ఆ పీట అక్కడ వేయించింది మాస్టారే. కొట్టు మొత్తానికి టీకా వేయించుకోనిది ఆవిడొక్కతే మరి.

"ఓనరుగారికి కరోనా అట. ఇప్పుడే ఫోనొచ్చింది. ఇప్పుడు నీకు చల్లగా ఉందా?" అన్నారు మాస్టారు.

"నెల్లాళ్లుగా నేను గడపే దాటలేదు కదా మాస్టారూ."

"నువ్వు దాటకపోతేనేం? నువ్వు ముట్టుకున్న చొక్కాలు దాటలేదా? కొట్టు కొట్టంతా కట్టగట్టుకుని క్యాంపుకి వెళ్లి రెండేసి డోసులు వేయించుకొచ్చాం. నువ్వు తప్ప!"

"అది కాదు మాస్టారూ, ఆ రోజు మీరు..."

"సాకులు చెప్పకు. సూదితో బతికేదానివి, నీకు సూదంటే భయమేంటమ్మా?"

దర్జీలు కిసుక్కున నవ్వారు. దాంతో మాస్టారికి ఇంకాస్త హుషారొచ్చింది.

"ఓనరుగారు నన్నే తేల్చెయ్యమన్నారు. రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఈ పని పోతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదని మాస్టారికి తెలుసు. తెలిసే అన్నారు. కోపానికి రెండు డోసుల ధీమా తోడైతే మనిషికి కళ్లు కనిపించవు. అన్నాక ఖళ్లుఖళ్లున దగ్గారు కూడా. నాలుగు రోజులుగా ఉంది ఆ దగ్గు. సుద్దపొడి పడలేదని ఆయనే తేల్చేసుకుని, మాస్కు గడ్డం కిందే ఉంచుకుని తిరుగుతున్నారు.

కాజాలక్క కొంగుతో కళ్లు తుడుచుకోబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"మాస్టారూ, ఏదో మాడుతోంది."

"మాట మార్చకు."

"నిజం మాస్టారూ. గుడ్డ మాడుతున్న వాసన. ఘాటుగా కొడుతోంది."

"లోపలున్న మా నలుగురికీ రాని వాసన, బయట కూర్చున్న నీకొచ్చిందా? ఏం తెలివమ్మా!"

"పొగ! మాస్టారూ, పొగ!" అని ప్యాంట్లు కుట్టే దర్జీ అరిచాడు.

మాస్టారు గబుక్కున ఇస్త్రీ పెట్టె ఎత్తారు. కొత్త చొక్కా కాలరు నల్లగా మాడిపోయింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏమీ లేదు. ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చారు. ఏమీ లేదు. కాలరు చేతులు మారింది. ఇద్దరు దర్జీలు తల అడ్డంగా ఊపారు. మూడోవాడు "ఏదో లీలగా..." అని ఆగిపోయాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే అందరూ పరీక్ష చేయించుకున్నారు. మర్నాడు డాక్టరమ్మ కాగితాలు చూసి, "లోపల పనిచేసిన నలుగురికీ ఉంది. బయట కూర్చున్నావిడకి లేదు" అంది.

"మేం రెండు డోసులూ వేయించుకున్నాం కదండీ!" అన్నారు మాస్టారు.

"వేయించుకున్నారు కాబట్టే నా దాకా నడిచొచ్చారు. టీకా మిమ్మల్ని మంచాన పడకుండా చూస్తుంది గానీ, అసలే రాదని రాసివ్వదు. వస్తే పక్కవాళ్లకీ అంటించొచ్చు. ఇంతకీ మీలో దగ్గు ముందు ఎవరికి మొదలైంది?"

దర్జీలు నేల చూపులు చూశారు. మాస్టారు గడ్డం కింది మాస్కుని ముక్కు మీదికి లాక్కున్నారు.

"నాకేనండి."

"సరే. ఆవిణ్ణి గాలాడేచోట కూర్చోబెట్టినవాళ్లెవరో గానీ మంచి పని చేశారు" అంది డాక్టరమ్మ మెచ్చుకోలుగా.

మాస్టారికి తలకొట్టేసినట్టయింది. డాక్టరమ్మ తిట్టినా బాగుండేది అనిపించింది. ఇంటికెళ్లి ఓనరుగారికి ఫోన్ చేసి, "కొట్లోకి తెచ్చింది నేనేనండి. కాజాలక్కని తీసెయ్యకండి" అని చెప్పి పెట్టేశారు.

రెండు వారాల తర్వాత కొట్టు తెరిచారు. కాజాలక్క వచ్చి, మామూలుగానే వసారాలో కూర్చోబోయింది. మాస్టారు ఆ పీట తనే ఎత్తి తెచ్చి, కిటికీ పక్కన, తన బల్ల దగ్గర వేశారు. దర్జీలు చూస్తున్నారు. చూడనీ అనుకున్నారాయన.

"తప్పు నాది. నా దగ్గు నేను దాచుకుని, నింద నీ నెత్తిన వేశాను. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉందమ్మా."

"పోనీండి మాస్టారూ. అందరూ తిరిగొచ్చారు, అంతే చాలు" అంది ఆవిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

మాస్టారి గుండె కాస్త తేలికపడింది. మనసులో మిగిలిపోయిన ఆ ఒక్క ముక్కా అడిగేశారు.

"ఏమనుకోకు గానీ, నువ్వూ వేయించుకుని ఉంటే నిన్నెవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. అందరం క్యాంపుకి వెళ్లిన రోజు నువ్వెందుకు రాలేదమ్మా?"

కాజాలక్క దారం పంటితో తెంపి, ఆశ్చర్యంగా ఆయన వైపు చూసింది.

"కొట్టుకి ఎవరో ఒకరు కాపలా ఉండాలని, రెండుసార్లూ తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లింది మీరే కదా మాస్టారూ!"