కదలనన్న ఒట్టు

సైరన్ మోగగానే గంగుబాయి చెప్పులు కూడా తొడుక్కోకుండా బొగ్గుబాయి గేటు దాకా పరుగెత్తింది. అక్కడంతా మామూలుగానే ఉంది. వెనకాల కాలనీవాళ్లు ఒకటే నవ్వు.

మోగింది బొగ్గుబాయి సైరన్ కాదు. బెల్లంపల్లిలో మూతపడ్డ క్లబ్బు హాల్లో, కరీంనగర్ నుంచి వచ్చిన ఆర్టిస్టు నవత వాళ్లు తయారుచేస్తున్న ప్రదర్శనలోది. గోడల నిండా కాలనీ ఆడవాళ్లే ముక్కోణాలు, గుండ్రాలు గీసి రంగులు నింపారు. వాటి మీద బాయి వీడియో పడుతుంది. ఆ రోజు రిహార్సల్.

నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. వేళ కాని వేళ సైరన్ మోగిందంటే లోపల ఎవరికో ఏదో అయినట్టే. గంగుబాయి పెనిమిటి పోయిననాడూ అలాగే మోగింది. ఇప్పుడు కొడుకు లక్ష్మణ్ అదే బాయిలో దిగుతున్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ లక్ష్మణ్ తల్లి చెయ్యి తన నెత్తిన పెట్టుకున్నాడు.

"నిన్న ఇజ్జత్ తీసినవే అవ్వా! ఇయ్యాల అందరొస్తరు. సైరన్ మోగినా కదలనని నా మీద ఒట్టెయ్యి."

వేసింది.

షిఫ్టు మారే వేళకు చాలా ముందే హాలు నిండింది. దీపాలు ఆర్పారు. గోడ మీది వీడియోలో పసుపు ముక్కోణాల్లోంచి, నెత్తిన లైటుతో లక్ష్మణ్ నడిచి వచ్చాడు. నల్లటి గుండ్రంలోకి దిగిపోయాడు. ఉత్త బొమ్మేనని తెలిసినా ఆమె కుర్చీలో ముందుకు వంగి వెతికింది.

గోడలు నీలంగా మారుతుండగా సైరన్ మోగింది.

గంగుబాయి దిగ్గున లేచింది. పక్కనున్న కమలవ్వ కొంగు పట్టి లాగింది.

"కూసో వదినా, నిన్నటి సైరనే."

ఉరికితే ఒట్టు తప్పుతుంది. తప్పితే కొడుక్కే చుట్టుకుంటుంది. గంగుబాయి కుర్చీని గట్టిగా పట్టుకుంది. చెమటలు కారిపోతున్నాయి. పాడు సైరన్, ఎంతకీ ఆగదే! కళ్లు మూసుకుని కొడుకు పేరే జపించుకుంటూ కూర్చుంది. చివరికి ఆగింది. ఆమె కదల్లేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు మోగాయి. గంగుబాయి ప్రొజెక్టర్ దగ్గరున్న నవత దగ్గరికి వెళ్లింది. మొహం నిండా నవ్వు.

"చూసినవా బిడ్డా? గంతసేపు మోగినా నేను కదల్లే. మా లక్ష్మణ్‌కు జర నువ్వే చెప్పాలె."

"బయట మోగింది మీ బాయి షిఫ్టుదేమో పెద్దమ్మా, నువ్వు బుగులు పడి ఉరుకుతున్నవని మా సైరన్ నిన్ననే తీసేసినం," అంది నవత.